రక్తాన్ని ఏ వేళ అడగాలో తెలిసిన డాక్టరమ్మ

పోలియో చుక్కల మాట వచ్చినప్పుడల్లా మనకి రెండు పేర్లు వినిపిస్తాయి. సూది టీకా తయారుచేసిన జోనస్ సాల్క్ ఒకరు, నోట్లో వేసే చుక్కలు తయారుచేసిన ఆల్బర్ట్ సాబిన్ ఇంకొకరు. పసిపిల్లల తల్లులుగా ఆ ఇద్దరికీ మనమెంత రుణపడి ఉన్నామో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ టీకాలు పనిచేస్తాయన్న నమ్మకం కలగడానికి ముందు ఒక పెద్ద చిక్కుముడి విడిపోవలసి వచ్చింది. దాన్ని విప్పినవారిలో ఒకరు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ డొరొతి హోర్స్ట్‌మన్. వైద్యలోకంలో ఆవిడ పేరు తెలియనివాళ్లు తక్కువ. మన ఇళ్లదాకా మాత్రం ఆ పేరు రాలేదు.

ఆవిడ పనిచేసినంతకాలం ఒక ప్రశ్న ఆవిడ వెంటే నడిచింది. మనిషి రక్తాన్ని చూసి, ఫలానా వైరస్ ఈ శరీరంలోకి ఎప్పుడైనా వచ్చిందా అని చెప్పగలమా? చెప్పగలిగినా ఆ మాటని ఎంతవరకు నమ్మొచ్చు? కడుపుతో ఉన్నప్పుడు చేయించిన రక్తపరీక్ష కాగితంలో పాజిటివ్ అన్న ముక్క చూసి గుండె గుభేల్‌మన్న ప్రతి ఆడపిల్లకీ ఈ ప్రశ్నతో సంబంధం ఉంది. అందుకే ఈ డాక్టరమ్మ కథ మనం తెలుసుకోవాలి.

మర్చిపోయి ఇచ్చిన ఉద్యోగం

డొరొతి 1911 జూలై 2న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ పట్టణంలో పుట్టారు. పెరిగింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. బర్క్‌లీలో డిగ్రీ చదివి, 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఆడపిల్ల డాక్టరు చదవడమే ఎక్కువ. ఇంక పెద్ద ఆస్పత్రిలో పై శిక్షణకి చోటు దొరకడమంటే మాటలు కాదు.

ఆవిడ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టారు. అక్కడి పెద్ద డాక్టరు ఆడవాళ్లని తీసుకోమని చెప్పేశారు. కొన్నాళ్లకి ఆయన ఆ సంగతి మర్చిపోయారు. కాగితం మీద డి.ఎం. హోర్స్ట్‌మన్ అన్న పేరు, మంచి మార్కులు మాత్రమే కనిపించాయి. చోటిచ్చామని ఉత్తరం రాసేశారు. తీరా పనిలో చేరడానికి వచ్చిన డాక్టరు ఆడమనిషి అయ్యేసరికి ఆయనకి నోట మాట రాలేదట. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక ఊరుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ మతిమరుపే లేకపోతే ఆవిడ దారి ఎటు పోయేదో ఎవరికి తెలుసు?

1942లో ఆవిడ న్యూహేవెన్‌లోని యేల్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడ జాన్ రాడ్‌మన్ పాల్ అనే డాక్టరు పోలియో మీద పరిశోధన చేస్తున్నారు. ఊళ్లలో జబ్బు ఎలా పాకుతుందో, ఎవరిని పట్టుకుంటుందో, ఎవరిని వదిలేస్తుందో తెలుసుకోవడం ఆయన పని. డొరొతి ఆ బృందంలో చేరారు.

111 మందిలో ఒక్క పాప

ఆ రోజుల్లో అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే తల్లులకి గుండెల్లో రాయి పడేది. ఈతకొలనులు మూసేసేవారు. పిల్లల్ని సినిమాహాళ్లకి పంపేవారు కాదు. రాత్రి ఆడుకుని పడుకున్న పిల్ల తెల్లారేసరికి కాలు కదపలేకపోయేది.

అప్పటి పెద్ద సైంటిస్టుల నమ్మకం ఏమిటంటే, పోలియో వైరస్ ముక్కులోంచి తిన్నగా నరాల్లోకి, అక్కణ్ణించి వెన్నుపాములోకి పోతుందని. రక్తంతో దానికి పని లేదని. ఆ నమ్మకమే నిజమైతే టీకా మీద ఆశ వదులుకోవలసిందే. ఎందుకంటే టీకా చేసే పని రక్తంలో యాంటీబాడీలు పుట్టించడం. యాంటీబాడీలంటే ఒక వైరస్‌ని గుర్తుపట్టి అడ్డుకునేందుకు మన శరీరం తయారుచేసుకునే కాపలా పదార్థాలు. దొంగ పెరటి దారిన వస్తుంటే వీధి గుమ్మంలో కాపలా పెట్టి ఏం లాభం?

డొరొతికి ఈ మాట మింగుడుపడలేదు. 1943 ఎండాకాలంలో న్యూహేవెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఆస్పత్రికి వచ్చిన రోగుల రక్తం తీసి వైరస్ కోసం వెతికారు ఆవిడ, ఆవిడతో పనిచేసేవాళ్లు. అప్పట్లో ఈ పరీక్ష ఈనాటిలా గంటల్లో తేలేది కాదు. రక్తాన్ని కోతులకి ఎక్కించి, వాటికి జబ్బు వస్తుందా రాదా అని రోజుల తరబడి కాచుకుని కూర్చోవాలి.

మొత్తం 111 మంది రక్తం చూశారు. వైరస్ దొరికింది ఒక్కరిలో. తొమ్మిదేళ్ల పాప. ఆ పిల్లకి జబ్బు చాలా స్వల్పంగా వచ్చింది.

ఇంకెవరైనా అయితే 110 మందిలో లేదు కనక రక్తంలో వైరస్ ఉండదని తేల్చేసి, ఆ ఒక్కటీ ఏదో పొరపాటని పక్కన పెట్టేవారు. డొరొతి ఆ ఒక్క పాప దగ్గరే ఆగిపోయారు. కాళ్లు పడిపోయిన పిల్లల రక్తంలో కనిపించని వైరస్ ఈ పిల్లలో ఎందుకు కనిపించింది? మిగతావాళ్ల రక్తం తీసింది ఆలస్యంగానేమో. అప్పటికే వైరస్ రక్తంలోకి వచ్చి, వెళ్లిపోయిందేమో.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి

ఆ అనుమానం రుజువు చేయడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆవిడ కోతులకీ చింపాంజీలకీ వైరస్‌ని నోటి ద్వారా ఇచ్చారు. జబ్బు లక్షణాలు బయటపడేదాకా ఆగకుండా రోజూ రక్తం తీసి చూశారు. 1952లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వైరస్ కడుపులోకి వెళ్లిన కొద్దిరోజులకే రక్తంలో కనిపించింది. కాళ్లు పడిపోయే వేళకి రక్తంలోంచి మాయమైపోయింది. దాని చోట యాంటీబాడీలు వచ్చి కూర్చున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బాల్టిమోర్‌లో డేవిడ్ బోడియన్ అనే సైంటిస్టు విడిగా పనిచేసి ఇదే సంగతి కనిపెట్టారు. 1953లో డొరొతి, సాటి డాక్టరు మెకాలమ్‌తో కలిసి, మనుషుల్లోనూ ఇలాగే జరుగుతుందని చూపించారు. ఇంకా జబ్బుపడని వాళ్ల రక్తంలోనూ, ఒట్టి జలుబూ జ్వరంలా వచ్చి పోయేవాళ్ల రక్తంలోనూ వైరస్ దొరికింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, అన్నేళ్లుగా డాక్టర్లు రక్తం తీస్తున్నది జబ్బు ముదిరాక. పరీక్షలో తప్పు లేదు. అడిగిన వేళ తప్పు. వైరస్ దొరకలేదంటే ఆ రోజు, ఆ రక్తంలో దొరకలేదని మాత్రమే అర్థం. అసలు రాలేదని అర్థం కాదు.

ఈ చిన్న సంగతితో తలుపులు తెరుచుకున్నాయి. వైరస్ నరాల్లోకి వెళ్లేముందు రక్తంలో ప్రయాణం చేస్తుంటే, ఆ దారిలోనే దాన్ని ఆపొచ్చు. 1951, 52 సంవత్సరాల్లో విలియం హామన్ అనే డాక్టరు, ఇతరుల రక్తంలోంచి తీసిన యాంటీబాడీలని వేలాది పిల్లలకి ఇచ్చి చూశారు. కాపాడాయి. కాకపోతే ఆ రక్ష సుమారు అయిదు వారాలే ఉండేది. అరువు తెచ్చుకున్న సొమ్ము ఎన్నాళ్లుంటుంది? శరీరం తన యాంటీబాడీలు తనే తయారుచేసుకోవాలి. అదే టీకా. 1954లో సాల్క్ టీకా ప్రయోగంలో సుమారు 18 లక్షలమంది పిల్లలు పాల్గొన్నారు. అది పనిచేస్తుందని 1955 ఏప్రిల్ 12న ప్రకటించారు.

రక్తంలో మిగిలే గుర్తులు

వైరస్ వెళ్లిపోతుంది. యాంటీబాడీలు మిగులుతాయి. ముగ్గు తొక్కుకుంటూ ఎవరో నడిచి వెళితే అడుగుల గుర్తులు మిగిలినట్టన్నమాట. ఆ గుర్తులు చదివి ఊరి చరిత్ర చెప్పడంలో జాన్ పాల్ బృందం ఆరితేరింది.

పరీక్ష చేసే పద్ధతి వినడానికి సులువే. మనిషి రక్తంలోంచి పైకి తేరిన పసుపుపచ్చని సీరం తీసి వైరస్‌తో కలుపుతారు. ఆ మిశ్రమాన్ని సీసాలో పెంచిన జీవకణాల మీద వేస్తారు. కణాలు బతికితే సీరంలో యాంటీబాడీలు ఉన్నట్టు. చచ్చిపోతే లేనట్టు. ఆ కణాల్లో చాలాభాగం హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలివి. 1951లో ఆవిడ కాన్సర్‌తో బాల్టిమోర్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆవిడకి చెప్పకుండా, అడగకుండా తీసుకున్నవి. 1953 నుంచి టస్కేగీ విద్యాసంస్థలో వాటిని పెద్దఎత్తున పెంచి, పోలియో యాంటీబాడీల పరీక్ష కోసం దేశమంతా పంపారు.

1949లో అలాస్కా ఉత్తరపు కొసన, మంచు ప్రాంతంలో ఉండే స్థానికుల రక్తాన్ని పాల్ బృందం పరీక్షించింది. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. అందులో రెండో రకానికి యాంటీబాడీలు ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో కనిపించాయి. అంతకన్నా చిన్నవాళ్లలో దాదాపు లేవు. అంటే ఇరవై ఏళ్ల కిందట ఆ వైరస్ అక్కడికి వచ్చి వెళ్లింది, మళ్లీ రాలేదు. అయినా అప్పటి యాంటీబాడీలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఎక్కడా రాసిపెట్టని సంగతి రక్తంలో రాసి ఉంది!

తర్వాత పాల్, డొరొతి కలిసి మొరాకో దేశంలో ఇలాంటి సర్వే చేశారు. 1955లో అది అచ్చయింది. అక్కడ స్థానికుల పిల్లల్లో పోలియోతో కాళ్లు పడిపోవడం అరుదుగా కనిపించేది. యూరప్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లలో ఎక్కువగా కనిపించేది. స్థానికులకి ఆ వైరస్ సోకదేమో అనుకోవచ్చు. రక్తం వేరే మాట చెప్పింది. స్థానికుల పిల్లలకి బాగా పసితనంలోనే వైరస్ సోకి, యాంటీబాడీలు వచ్చేస్తున్నాయి. పోలియో సోకిన ప్రతి రెండు వందలమందిలో సుమారు ఒక్కరికే కాళ్లూ చేతులూ పడిపోతాయి. మిగతావాళ్లకి వచ్చినట్టే తెలియదు. ఆస్పత్రి లెక్కల్లో కనిపించని ఆ మిగతావాళ్లని లెక్కపెట్టాలంటే యాంటీబాడీ పరీక్షే దిక్కు. దాని గొప్పతనం అక్కడుంది.

మరి దాని పరిమితి? ఒకటో రకానికి యాంటీబాడీలు ఉన్నాయి కదా అని రెండో రకం నుంచి రక్ష ఉందనుకోవడానికి వీల్లేదు. గుర్తును బట్టి వచ్చిపోయారని చెప్పగలం కానీ, ఏ నెలలో వచ్చారో, ఇంట్లో ఎంత అల్లరి చేశారో చెప్పలేం. ఎప్పుడు సోకిందో తేల్చాలంటే ఒకసారి రక్తం తీస్తే చాలదు. జబ్బు మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాలాగి ఇంకోసారి తీయాలి. రెండోసారికి యాంటీబాడీలు నాలుగింతలు పెరిగితే అప్పుడు అది కొత్తగా సోకిందని చెప్పొచ్చు. జంట పరీక్ష అనే ఈ పద్ధతి మీదే ఆ కాలపు పరిశోధన చాలావరకు నిలబడింది.

రష్యాకి పెత్తనం

1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డొరొతిని సోవియట్ రష్యాకి, చెకొస్లొవేకియాకి, పోలండ్‌కి పంపింది. సాబిన్ చుక్కలని అక్కడ కోటిమందికి పైగా వేశారు. ఆ లెక్కలు నిజమేనా, చుక్కలు క్షేమమేనా అన్నది అమెరికాలో చాలామందికి అనుమానం. పైగా రెండు దేశాల మధ్య ఉప్పూ నిప్పూలా ఉన్న రోజులు. డొరొతి అక్కడి లేబరేటరీలు తిరిగి, లెక్కలు చూసి, పని శ్రద్ధగా జరిగిందని నివేదిక ఇచ్చారు. ఆవిడ తొందరపడి మాట తూలే మనిషి కాదని అందరికీ తెలుసు కనక ఆ మాటకి విలువ దక్కింది. ఇప్పుడు మన పిల్లలకి వేసే చుక్కలు ఆ దారిలోనే వచ్చాయి.

1961లో ఆవిడ యేల్ వైద్యకళాశాలలో పూర్తి ప్రొఫెసర్ అయ్యారు. 1810లో పుట్టిన ఆ కళాశాలలో ఆ హోదా దక్కిన మొదటి మహిళ ఆవిడే.

కడుపులోని బిడ్డ కోసం

ఆ తర్వాత ఆవిడ దృష్టి రుబెల్లా మీదికి మళ్లింది. జర్మన్ మీజిల్స్ అని కూడా అంటారు. పిల్లలకి వస్తే నాలుగు రోజులు ఒళ్లంతా సన్నటి దద్దుర్లు వచ్చి పోతాయి. నెల తప్పిన తొలి మూడు నెలల్లో తల్లికి వస్తే మాత్రం బిడ్డకి కంట్లో శుక్లాలు, చెవుడు, గుండెలో లోపం రావచ్చు. 1941లో ఆస్ట్రేలియా కంటిడాక్టరు నార్మన్ గ్రెగ్ ఈ సంబంధాన్ని మొదట గుర్తించారు. 1964, 65లో అమెరికాలో రుబెల్లా ఉప్పెనలా వచ్చి, సుమారు 20 వేలమంది బిడ్డలు ఇలాంటి లోపాలతో పుట్టారు. యేల్‌లో అటువంటి తల్లులనీ బిడ్డలనీ పరీక్షించినవారిలో డొరొతి ఒకరు.

ఇక్కడ యాంటీబాడీ పరీక్ష ఇంకో మెలిక పెట్టింది. పుట్టిన బిడ్డ రక్తంలో రుబెల్లా యాంటీబాడీలు ఉంటే అవి బిడ్డవా, తల్లివా? మాయ ద్వారా తల్లి యాంటీబాడీలు బిడ్డకి చేరతాయి. అది ప్రకృతి ఇచ్చే పుట్టింటి సారె. కొన్ని నెలల్లో ఖర్చయిపోతుంది. కనక పుట్టగానే ఉన్నాయని బిడ్డకి జబ్బు సోకిందనలేం. నెలలు గడిచినా తగ్గకుండా ఉంటే అప్పుడు బిడ్డే తయారుచేసుకుంటున్నట్టు. ఇక్కడా తేల్చేది కాలమే.

1969లో అమెరికాలో రుబెల్లా టీకా వచ్చింది. టీకా వేసుకున్నవాళ్లందరిలో యాంటీబాడీలు కనిపిస్తున్నాయి కదా, ఇంక భయం లేదని అందరూ అనుకుంటున్న వేళ డొరొతి బృందం ఒక పని చేసింది. సైన్యంలో కొత్తగా చేరిన యువకుల మధ్య రుబెల్లా పాకినప్పుడు, ముందే యాంటీబాడీలున్నవాళ్ల రక్తం మళ్లీ పరీక్షించింది. 1970లో ఫలితాలు వచ్చాయి. చిన్నప్పుడు జబ్బు వచ్చి తగ్గినవాళ్లలో నూటికి 3.4 మందికే వైరస్ మళ్లీ సోకింది. ఆనాటి టీకా వేసుకున్నవాళ్లలో నూటికి 80 మందికి సోకింది. వాళ్లలో యాంటీబాడీలు ఉన్నట్టుండి పెరగడం వల్లే ఆ సంగతి బయటపడింది.

ఈ మాట బయటపెట్టడానికి ధైర్యం కావాలి. టీకా మీద జనానికి నమ్మకం పోతుందేమోనన్న భయం ఒకపక్క, నిజం దాచకూడదన్న పట్టుదల ఇంకోపక్క. ఆవిడ నిజం వైపే నిలిచారు. యాంటీబాడీలు ఉండటం వేరు, చాలినన్ని ఉండటం వేరు, అవి వైరస్‌ని గుమ్మం దగ్గరే ఆపగలగడం వేరు. 1979లో అమెరికా అంతకన్నా మంచి రుబెల్లా టీకాకి మారింది. ఈనాటికీ వాడుతున్నది ఆ టీకానే. దాని చలవతో 2015లో అమెరికా ఖండాలు రెండూ సొంతగడ్డ మీద రుబెల్లా లేనివిగా ప్రకటన పొందాయి. మన తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలకి మీజిల్స్‌తో కలిపి రుబెల్లా టీకా వేసే కార్యక్రమం జరిగింది. మన అమ్మాయిలు చాలామంది బళ్లోనే వేయించుకున్నారు.

మన చేతిలో కాగితం

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రెండుసార్లు కడుపు పోయినా, నెల తప్పాక అనుమానం వచ్చినా టార్చ్ అనే పరీక్ష రాస్తుంటారు. రుబెల్లాతో సహా కొన్ని జబ్బుల యాంటీబాడీల పరీక్ష అది. కాగితంలో ఒక్కో జబ్బుకి రెండు వరసలుంటాయి. ఐజీఎం ఒకటి, ఐజీజీ ఒకటి.

ఐజీఎం తొందరగా పుట్టి, మామూలుగా కొన్ని వారాల్లో తగ్గిపోయే యాంటీబాడీ. ఐజీజీ కాస్త నిదానంగా వచ్చి ఏళ్ల తరబడి ఉండేది. రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అని ఉందంటే ఎప్పుడో చిన్నతనంలో జబ్బు వచ్చి ఉండాలి, లేదా టీకా పడి ఉండాలి. చాలామందికి ఇది శుభవార్త. ఇది తెలియక, కడుపులో బిడ్డకి ఏమైందోనని రాత్రిళ్లు ఏడ్చే ఆడపిల్లలున్నారు. ఆ పాజిటివ్ ముక్క చూపించి కోడల్ని ఆడిపోసుకునే ఇళ్లూ ఉన్నాయి.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా వెంటనే నిర్ణయానికి రాకూడదు. కొందరిలో అది నెలల తరబడి నిలిచిపోతుంది. ఇంకో వైరస్ వల్ల వచ్చిన యాంటీబాడీని చూసి పరీక్ష పొరబడుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలోనూ పొరబడొచ్చు. ఒక లెక్క చూడండి. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే. ఏ దద్దుర్లూ జ్వరమూ లేని వెయ్యిమంది గర్భిణులకి పరీక్ష చేశారు. నిజంగా కొత్తగా వైరస్ సోకింది ఇద్దరికే అనుకుందాం. పరీక్ష చాలా మంచిదే, నూటికి ఇద్దరి విషయంలో మాత్రమే పొరబడుతుంది. అయినా సోకనివాళ్లలో సుమారు ఇరవైమందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న 22 మందిలో నిజంగా సోకింది ఇద్దరికే. అందుకే లక్షణాలేమీ లేనప్పుడు ఒక్క ఐజీఎం చూసి బిడ్డని వద్దనుకోవడం ఘోరం.

అప్పుడేం చేయాలి? రెండు మూడు వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వాలి. డొరొతి కాలం నాటి జంట పరీక్ష ఈనాటికీ పనికొస్తుంది. యాంటీబాడీల పట్టు చూసే పరీక్ష కూడా ఉంది. కొత్తగా పుట్టినవి వైరస్‌ని వదులుగా పట్టుకుంటాయి. నెలలు గడిస్తే పట్టు బిగుస్తుంది. పట్టు గట్టిగా ఉంటే అది పాత సంగతని తెలుస్తుంది. అసలు అన్నిటికన్నా మంచిది, పెళ్లికి ముందో, పిల్లల్ని కనాలనుకున్నప్పుడో రుబెల్లా ఐజీజీ చూపించుకోవడం. లేదంటే టీకా వేయించుకుని నెలరోజులు ఆగడం. కడుపుతో ఉండగా మాత్రం ఆ టీకా వేయకూడదు.

నెగెటివ్ వచ్చిందని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవడానికీ లేదు. యాంటీబాడీలు పుట్టడానికి టైము పడుతుంది. హెచ్ఐవీ సోకిన తొలి వారాల్లో యాంటీబాడీ పరీక్షకి దొరక్కపోవచ్చు. అదే హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకి సోకకపోయినా, తల్లి యాంటీబాడీల వల్ల ఏడాదిన్నర దాకా పాజిటివ్ రావచ్చు. అలాంటి బిడ్డలకి వైరస్‌నే వెతికే పరీక్ష చేస్తారు.

కరోనా రోజులు మనకింకా గుర్తే. 2021 జూన్, జూలైల్లో ఐసీఎంఆర్ జరిపిన సర్వేలో దేశజనంలో నూటికి 67.6 మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వైరస్ ఎంత దూరం పాకిందో, టీకాలు ఎంతమందికి అందాయో దేశానికి తెలియడానికి ఆ అంకె పనికొచ్చింది. ఆ ధైర్యంతో యాంటీబాడీలు చూపించుకుని మాస్కు తీసేసినవాళ్లకి మాత్రం కొత్త రకం వైరస్ మళ్లీ సోకింది. పైగా హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తంగా ఉంటుంది. అది వేసుకున్నవాళ్ల యాంటీబాడీలు టీకావో, జబ్బువో మామూలు పరీక్ష విడదీయలేదు. ఊరి లెక్క చెప్పే పరీక్ష ఒక మనిషికి రేపు ఏమవుతుందో జోస్యం చెప్పలేదు.

శిల్పాల వరసలో లేని ముఖం

1969లో డొరొతికి తన గురువు జాన్ పాల్ పేరు మీదున్న ప్రొఫెసర్ పీఠం దక్కింది. యేల్ వైద్యకళాశాలలో అలాంటి పీఠం ఎక్కిన మొదటి మహిళ కూడా ఆవిడే. 1975లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యురాలయ్యారు. 1982లో ఉద్యోగ విరమణ చేశారు. 2001 జనవరి 11న, తన 89వ ఏట న్యూహేవెన్‌లో కన్నుమూశారు.

జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో పోలియో మీద పోరాడినవారి కంచు ముఖాలు ఒక గోడకి వరసగా ఉన్నాయి. 1958లో పెట్టిన 17 ముఖాలవి. పాల్ ఉన్నారు, బోడియన్ ఉన్నారు, సాల్క్, సాబిన్ ఉన్నారు. ఆడవాళ్లలో ఇసబెల్ మోర్గన్ ఒక్కరే ఉన్నారు. డొరొతి లేరు.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో ఒక పాపకి వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. మన వీధిలో పిల్లలు రెండు కాళ్ల మీద పరుగెత్తుతున్నారంటే అందులో డొరొతి హోర్స్ట్‌మన్ కష్టం కూడా ఉంది. ఆవిడ మనకి ఇంకొకటి కూడా ఇచ్చి వెళ్లారు. ఈసారి ఇంట్లో ఎవరైనా రక్తపరీక్ష కాగితం తెస్తే, పాజిటివా నెగెటివా అని ఆత్రపడే ముందు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. రక్తం తీసింది జబ్బు మొదలైన ఎన్నో రోజున? ఇది కొత్తదా, పాతదా అని ఈ పరీక్ష చెప్పగలదా? మళ్లీ ఎప్పుడు చేయించాలి? అలా అడగడం మన హక్కు. మందు చీటీ పుచ్చుకునేముందు అడిగి తెలుసుకుంటే ఎన్నో ఇళ్లలో కన్నీళ్లు ఆగుతాయి.